బేసి గుంటలు

భర్త వెంకట్రాజం భీవండి మరమగ్గాల మీద పనికని రైలెక్కిన ఏడు కళావతికి ఇరవై రెండేళ్లు. అది 1970. మొదటి ఆరు నెలల్లో రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోది రాలేదు. అతను పోయాడని ఏడవడానికి కబురు లేదు, వస్తాడని కాచుకోవడానికి అడ్రసు లేదు. బొట్టు తీయమని ఆమెతో ఎవరూ అనలేదు. పేరంటానికి రమ్మని కూడా ఎవరూ పిలవలేదు.

ఆమె ఏడుస్తూ కూచునే మనిషి కాదు. చెవికమ్మలు కుదువబెట్టి హన్మకొండలో టైపు నేర్చుకుంది. లోయర్, హయ్యర్ రెండూ పాసైంది. 1974లో సుబేదారిలోని ఒక నీటిపారుదల ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఆ ఆఫీసుకు కూతవేటు దూరంలోనే ఒక గది అద్దెకు తీసుకుంది. కిరసనాయిలు స్టవ్వు, నులకమంచం, ఒక ట్రాన్సిస్టర్. పదమూడేళ్లు అదే గది.

టైపు హాల్లో ఐదు మిషన్లుండేవి. ఐదూ ఒక్కసారి మొదలైతే పక్క గదిలో ఫోను మోగినా వినపడేది కాదు. సీనియరు సావిత్రి. నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది. పగటిపూట అన్నాల వేళ ఐదుగురూ టిఫిన్లు విప్పి ఒకరి కూర ఒకరు వేసుకునేవాళ్లు. కళావతి డబ్బాలో రోజూ పప్పో, పచ్చిపులుసో. "ఒక్కదానికి కూరెందుకని మానేస్తవు గదా, ఇగ తిను" అని సావిత్రి తన డబ్బాలోంచి వంకాయ ముక్కలు తీసి వేసేది. సాయంత్రం గదికి పోయాక మాట్లాడేది ట్రాన్సిస్టర్ ఒక్కటే కాబట్టి, ఆ అరగంట మాటలే కళావతికి రోజంతటికీ సరిపోవాలి. సరిపోయేవి కూడా.

1987 ఎండాకాలంలో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. హైదరాబాదుకు పోయి రెండు నెలలు ట్రైనింగ్ తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒకామెకు పిల్లల పరీక్షలు, ఒకామెకు అత్త మంచంలో. డిప్యూటీ ఇంజినీరు రాజేశ్వర్ రావు కళావతిని పిలిచాడు.

"నువ్వు పో కళావతీ. నీకు ఇంటికాడ ఎదురుచూసేటోళ్లు ఎవలున్నరు?"

ఆయన చెడుగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు. ఆమె తలూపి వచ్చింది. ఆ మాట మాత్రం హైదరాబాదు దాకా వెంటవచ్చింది.

తిరిగివచ్చేసరికి కంప్యూటర్‌కు ప్రత్యేకంగా ఒక గది కట్టారు. గాజుతలుపు, ఏసీ, చెప్పులు బయటే. లోపల తినకూడదు, తాగకూడదు, ఊరికే ఎవరూ రాకూడదు. టైపు హాలుకూ ఆ గదికీ మధ్య దూరం ఇరవై అడుగులు. మొదటిరోజు అన్నం వేళకు కళావతి డబ్బా పట్టుకొని హాల్లోకి వెళ్తే మాటలు ఆగిపోయాయి.

"ఆ పెట్టె మా నలుగురి పని ఒక్కటే చేస్తదంట గదా?" అంది సావిత్రి.

"నాకేం ఎరుక సావిత్రక్కా. నన్ను పొమ్మన్నరు, పోయిన."

"పొమ్మంటే పోతవు. రేపు మమ్ముల ఇంటికి పొమ్మంటరు."

మర్నాడు కూడా వెళ్లింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ జరిగి చోటు కూడా ఇవ్వలేదు. మూడోరోజు నుంచి కళావతి వెనక వరండా మెట్ల మీద కూచొని తినడం మొదలుపెట్టింది.

కంప్యూటర్‌లో ఎక్కించాల్సిన మొదటి పని ఆయకట్టు జాబితా. స్టేషన్ ఘన్‌పూర్ వైపు మూడు ఊళ్లకు కొత్త కాలువ నీళ్లు ఇవ్వబోతున్నారు. ఎవరికెంత భూమి ఉంటే అంతసేపు నీళ్ల వంతు. పదకొండు వందల నలభై ఆరు మంది రైతులు. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం. హైదరాబాదు నుంచి వచ్చిన ఫ్లాపీలో పట్టిక ముందే తయారై ఉంది. అందులో విస్తీర్ణానికి ఎకరాలు, చుక్క, చుక్క తర్వాత రెండంకెలు. గుంటలకు చోటు లేదు. అందుకని కళావతి ఒక అట్టముక్క మీద లెక్క రాసుకుంది. ఇరవై గుంటలంటే అరెకరం, కాబట్టి .50. పది గుంటలంటే .25. పదమూడు గుంటలైతే .325 రావాలి. పట్టికలో రెండంకెలకే చోటుంది కనుక చివరి ఐదును వదిలేసి .32 అని రాసుకుంది. అట్ట చూసుకుంటూ రెండు నెలలు ఒంటిచేత్తో పదకొండు వందల నలభై ఆరు కొట్టింది. ప్రింటరు కరకరమంటూ పొడుగాటి కాగితం కక్కింది. మూడు ఊళ్ల బడిగోడలకు అంటించారు.

నాలుగోరోజు పొద్దున ఎవరో గాజుతలుపు మీద అరచేత్తో దబదబ బాదారు. తలెత్తి చూస్తే యాభై ఐదేళ్ల ముసలామె. గోచీకట్టు, నెత్తిన కొంగు, చేతిలో చింపి తెచ్చిన జాబితా ముక్క. అటెండరు ఆమెను వెనక్కి లాగుతున్నాడు. కళావతి బయటికి వచ్చింది.

"గీ కాయితం కొట్టింది నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా. ఏమైంది?"

"ఏమైందా? నా పేరు మొగిలమ్మ. నాకున్నది ఎకరం పదమూడు గుంటలు. మీరు ఎకరం ముప్పై రెండు గుంటలని కొట్టి గోడకంటిచ్చిన్రు. మా మరిది యాకయ్య 'నా పందొమ్మిది గుంటలు దొంగతనంగ నీ పేర ఎక్కించుకున్నవ్' అని కట్టె పట్టుకొని మీదికొచ్చిండు. మొన్న నా దర్వాజ ముందట ఊరంత జమైంది. ముండమోసినదాన్ని, నేనెవల భూమి గుంజుకుంట?"

కళావతి కాగితం అందుకుంది. మొగిలమ్మ పేరు పక్కన 1.32 అని ఉంది.

"అవ్వా, ఇవి ముప్పై రెండు గుంటలు గావు. ఎకరాన్ని నూరు పాళ్లు జేస్తే అండ్ల ముప్పై రెండు పాళ్లన్నట్టు."

మొగిలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నూరు పాళ్లు ఎవలు జేసిన్రు? ఎకరానికి నలభై గుంటలు. మా తాత దున్నిన్నాడు నలభయ్యే, నేను నాటేసిన్నాడు నలభయ్యే. మీ మిషన్ కోసం నూరైతదా?"

వెనకాల నిలబడ్డ రైతు ఒకాయన నవ్వాడు. "మాదైతే ఎకరం యాభై గుంటలంట మేడం. ఎకరంల పట్టని గుంటలు గుడ ఇచ్చిన్రు మాకు."

రాజేశ్వర్ రావు గదిలో సంగతి చెబితే ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "కింద ఒక లైను కొట్టు. విస్తీర్ణం దశాంశాలలో అని. అయిపాయె."

"అది చదివేటోళ్లెవరు సార్ ఆ ఊళ్ల?"

"మరేం జేస్తం? మిషన్ అట్లనే ఇస్తది."

మిషన్ ఎట్లా ఇవ్వాలో చెప్పేది మనమే కదా అని ఆమెకు అనిపించింది. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసింది. పక్కన నిఘంటువు పెట్టుకుంది. ట్రైనింగ్‌లో నేర్పిందల్లా, రిపోర్టులో ఏ గడిలో ఏ పేరు రావాలో ఆ పేరు కొట్టడం. విస్తీర్ణం గడిలో విస్తీర్ణం అని కొట్టు, వచ్చేస్తుంది. పుస్తకంలో నూట డెబ్బయ్యో పేజీ దగ్గర ఇంకో మాట కనపడింది. ఆ గడిలో పేరే కొట్టాలని లేదు, సూత్రం కూడా కొట్టొచ్చు. అంకెను ఎట్లా విడదీయాలో, ఎట్లా కలపాలో, ఏ రూపంలో అచ్చు వేయాలో మనమే రాసివ్వొచ్చు.

మూడు రోజులు దాని మీదే కూచుంది. ముందు ఎకరాల పూర్తి అంకెను విడదీయాలి. దానికి 'ఇంట్' అనే ఆజ్ఞ ఉంది, అది చుక్క తర్వాతి భాగాన్ని కత్తిరించేస్తుంది. మిగిలిన భాగాన్ని నలభైతో గుణిస్తే గుంటలు. దానికీ మళ్లీ ఇంట్ పెట్టి చుక్కను తీసేయాలి. రెంటి మధ్యా ఒక అడ్డగీత. మొదటిసారి మిషన్ ఒప్పుకోలేదు, ఎక్కడో బ్రాకెట్టు తక్కువైంది. రెండోసారి అంకెకూ అక్షరానికీ పొత్తు కుదరదంది. చివరికి వచ్చింది. ఎనిమిది గుంటలున్నచోట మాత్రం అడ్డగీత తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత ఎనిమిది. ఆ ఖాళీ ఆమెకు నచ్చలేదు. అంత చోటు ఉంటే ఎవడైనా పెన్నుతో ఒకటో రెండో దూర్చొచ్చు. గుంటలకు నూరు కలిపి, వచ్చిన మూడంకెల్లో చివరి రెండే తీసుకోమని రాసింది. నూటా ఎనిమిదిలో చివరి రెండు సున్నా, ఎనిమిది. ఖాళీ పూడింది.

తెర మీద 1-20, 2-10, 1-08 అని వరుసగా దిగుతుంటే కళావతి కుర్చీలో గిర్రున వెనక్కి తిరిగింది, ఎవరికో చూపించబోయినట్టు. వెనక ఏసీ మోగుతోంది. గాజుతలుపు అవతల టైపు హాల్లో సావిత్రి తల వంచుకొని ఏదో కొడుతోంది. కళావతి మళ్లీ తెరవైపు తిరిగింది.

కొత్త జాబితా ఊళ్లకు వెళ్లింది. లొల్లి సద్దుమణిగిందని కబురు వచ్చింది. రాజేశ్వర్ రావు శభాష్ అని, ఒక కాపీ పై ఆఫీసరుకు పట్టుకెళ్లాడు.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం మధ్యాహ్నం, ఆఫీసు కాపీని ఫైలులో కుట్టబోతూ కళావతి మొగిలమ్మ పేరు వెతికింది. వేరే పనేం లేదు. ఆ లైను కళ్లారా చూసుకోవాలనిపించింది. పేరు దొరికింది. పక్కన 1-12.

ముసలామె పదమూడు అన్నట్టు గుర్తు. పొరపాటున అందేమో. కళావతి లేచి పాత రిజిస్టరు తీసి చూసింది. ఎకరం పదమూడు అనే ఉంది. జాబితాలో పైలైను చూసింది, 2-06. కిందిది 0-38. ఆ కిందిది 3-14. గుంటల వరుస మీద వేలు పెట్టి కిందికి దిగుతూ పోయింది. ఎనిమిది, ఇరవై నాలుగు, రెండు, పద్దెనిమిది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ. ఐదో పేజీ దగ్గర వేలు ఆగింది.

ఆ పొడుగాటి కాగితంలో ఒక్క బేసి సంఖ్య లేదు. పదకొండు వందల నలభై ఆరు మందిలో ఒక్కరికి కూడా మూడు గుంటలు లేవు, పదిహేడు లేవు, ఇరవై ఒకటి లేవు. అట్ల భూమి ఎక్కడన్నా ఉంటుందా?

ఎట్లా జరిగిందో తెలుసుకోవడానికి ఆమెకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. .325లో చివరి ఐదును వదిలేసింది తను. .32ను నలభైతో గుణిస్తే పన్నెండు, దాని మీద కొంచెం తక్కువ ఒకటి. పన్నెండూ, పదింట ఎనిమిది పాళ్లు. దాన్ని పైకి సవరించమనకుండా కత్తిరించమన్నదీ తనే. సరి గుంటలున్నవాళ్లకు ఏమీ కాలేదు. బేసి గుంటలున్న ప్రతి మనిషికీ ఒక్కో గుంట పోయింది. రిజిస్టరు ముందు పెట్టుకొని లెక్కపెట్టింది. ఐదు వందల ముప్పై ఎనిమిది మంది.

సూత్రంలో గుంటల దగ్గరున్న 'ఇంట్' తీసి 'రౌండ్' పెట్టింది, దగ్గరి అంకెకు సవరించేది. ఒక్క మాట మార్పు. 1-13 వచ్చింది. ఈసారి కుర్చీ తిరగలేదు. కాగితాలు తీసుకొని రాజేశ్వర్ రావు గదికి వెళ్లింది.

ఆయన అంతా విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క గుంట. నీళ్ల వంతుల ఎంత ఫరక్ పడతది? ఐదు నిమిషాలు. ఒక్కరన్న వచ్చి అడిగిన్రా?"

"అడగలేదు సార్. పోయినసారి కొట్టుకునేదాక పోయింది. ఈసారి అడగనీకె భయపడి ఉంటరు."

"రెండుసార్లు కొట్టినం. మూడోసారి కొడితే పైనుంచి నన్నడుగుతరు. ఏమని చెప్పాలె?"

"తప్పు నాదని రాసిస్త సార్. ఆ అట్ట నాది, ఆ సూత్రం గుడ నాదే. అండ్ల మీదేం లేదు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "నీ సర్వీస్ రిజిస్టర్ల ఎక్కుతది. ఎరికేనా?"

"ఎరికే సార్."

అక్కడే నిలబడి రాసిచ్చింది. జాబితా మూడోసారి కొట్టడానికి అనుమతి వచ్చింది. నిర్లక్ష్యానికి సంజాయిషీ అడుగుతూ ఆమెకు మెమో కూడా వచ్చింది. మెమో టైపు చేయాల్సింది సీనియరు టైపిస్టు. మధ్యాహ్నం సావిత్రి గాజుతలుపు తోసుకొని వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి. కవరు బల్ల మీద పెట్టింది.

"నేనే కొట్టిన. తప్పులేమన్న ఉంటే చెప్పు, మళ్ల కొడత."

కళావతి తెరిచి చదివింది. "ఏం లేవక్కా."

సావిత్రి మిషన్‌వైపు, ప్రింటరువైపు, ఆమె వైపు చూసింది. ఏదో అడగబోయినట్టుంది. "ఇంత సల్లగ ఎట్ల కూసుంటవే?" అని మాత్రం అని వెళ్లిపోయింది.

మూడో జాబితా ఊళ్లకు పోయిన తర్వాతి ఆదివారం కళావతి పొద్దుటి ప్యాసింజరు ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగింది. గోడకు అంటించారో లేదో చూసి రావాలని. అక్కడి నుంచి ఊరికి నాలుగు మైళ్లు నడక. బడిగోడ మీద కాగితం ఉంది. ముందు పదిమంది గుమిగూడి ఉన్నారు. ఒక రైతు వేలు పెట్టి పైకి చదువుతున్నాడు, పేరు, ఎకరాలు, గుంటలు. ఆమె వెనకాల నిలబడి వింది. రెండు ఎకరాల పదిహేడు, అన్నాడతను. ముప్పావెకరం మీద ఒకటి, అన్నాడు ఇంకొకతను. బేసి అంకె వినిపించినప్పుడల్లా ఆమెకు ఊపిరి కొంచెం తేలికైంది.

"ఎవల కోసం వచ్చినవమ్మా?" అన్నాడొకాయన వెనక్కి తిరిగి.

"మొగిలమ్మ కోసం" అని నోటికొచ్చింది. అంతవరకూ అట్లా అనుకోలేదు.

మొగిలమ్మ చెలకలో ఉంది. మొదట గుర్తుపట్టలేదు, తర్వాత కొంగు సవరించుకొని నవ్వింది. "మిషన్ మేడంవు గదూ. ఎండకు పడొచ్చినవేంది బిడ్డా?"

కళావతి సంగతి చెప్పింది, తప్పు తనదేనని కూడా. మొగిలమ్మ ఆశ్చర్యపోలేదు.

"ఒక గుంట పోయిందని నాకెరికే. చదివిచ్చుకున్న గదా."

"మరి అడగలేదేందవ్వా?"

"ఎవలనడగాలె? మళ్ల అడిగితే మళ్ల మరిది కట్టె పట్టుకొస్తడు. పన్నెండన్న మిగిలినయని ఊకున్న." ఆమె లేచి కళావతి చెయ్యి పట్టుకొని గట్టు వెంట నడిపించింది. ఒక మూల మడి చూపించింది. "గుంటంటే చూసినవా ఎన్నడన్న? ఇటు పదకొండు గజాలు, అటు పదకొండు గజాలు. గిదే. గీ మడిల మిరపనారు పోస్త. గీ నారే ఎకరమంతటికి సరిపోతది."

పదకొండు వందల నలభై ఆరు మంది గుంటలు వేళ్లతో కొట్టిన మనిషి ఒక్క గుంట నేల మీద నిలబడడం అదే మొదలు. కళావతి చెప్పులు విడిచింది. ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. ఇరవై అంగల్లోపే అయిపోయింది. తడిమట్టి మడమలకు చల్లగా తగిలింది.

వేపచెట్టు కింద మొగిలమ్మ ఆమెకు జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టింది. తింటుంటే అడిగింది. "నీ ఇంటాయన ఏం జేస్తడు బిడ్డా?"

కళావతి రొట్టె తుంచింది. "భీవండిల ఉంటడవ్వా."

"ఎప్పుడొస్తడు?"

కళావతి రొట్టెముక్కను కారంలో అద్దుకుంది. మొగిలమ్మ ఇంకో రొట్టె తెచ్చి పళ్లెంలో వేసింది.

ఆ చలికాలం ఒకరోజు పొరుగు జిల్లా ఆఫీసు నుంచి ట్రంకు కాల్ వచ్చింది. వాళ్లకూ కంప్యూటర్ వచ్చిందట, వాళ్లకూ ఎకరాలు చుక్కల్లోనే వస్తున్నాయట. రాజేశ్వర్ రావు క్యాంపుకు పోయి ఉన్నందువల్ల అటెండరు కళావతిని పిలిచాడు. అవతలి గొంతు పడుచుది, తొందరగా ఉంది. "మీ సార్ చేసిన సూత్రం కావాలె మేడం, జర చెప్పిస్తరా?"

ఆమె నిలబడి ఒక్కో అక్షరం చెప్పింది. బ్రాకెట్టు ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో చెప్పింది. లైన్లో గరగర. అతను తిరిగి చదివాడు. "ఇక్కడ ఇంట్ కాదా మేడం?" అన్నాడు.

"కాదు. అక్కడ ఇంట్ పెడితే బేసి గుంటలు పోతయి. రౌండే పెట్టాలె. లిస్టు వచ్చినంక గుంటల వరుస మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. మూడు, ఐదు, ఏడు కనబడాలె. కనబడకుంటే బయటికి పంపకండి."

అవతల రాసుకుంటున్న చప్పుడు. "మీ సార్ మస్తు ఆలోచించిండు మేడం. మీరెవరు, టైపిస్టా?"

"నా పేరు కళావతి. అది చేసింది నేనే" అంటుండగానే కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలు అయిపోయి లైను తెగింది. పేరు దాకా విన్నాడో, ఆ తర్వాతిది కూడా విన్నాడో తెలియలేదు.

మళ్లీ చేస్తాడేమోనని కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత గదిలోకి వచ్చి చేతులు తుడుచుకొని, చలికి కొంగు భుజాల మీదుగా కప్పుకొని, తర్వాతి ఊరి రిజిస్టరు తెరిచింది. మొదటి పేరు కట్టమ్మ. నాలుగెకరాల ఇరవై మూడు గుంటలు.